ప్రవచనాన్ని ప్రూఫ్ చదివినట్టు చదవడం

2025 సెప్టెంబరులో ఒక రాత్రి పదకొండు దాటాక మా గురువారం బైబిల్ స్టడీకి వచ్చే నర్సింగ్ అమ్మాయి ఫోన్ చేసింది. గొంతు వణుకుతోంది. "ఆంటీ, ఈ నెల 23, 24 తేదీల్లో సంఘం ఎత్తబడుతుందట. హాస్టల్లో అందరి ఫోన్లలో అదే వీడియో. నేను పరీక్ష ఫీజు కట్టాలా, వద్దా?" అని అడిగింది. సంఘం ఎత్తబడడమంటే ప్రభువు వచ్చి విశ్వాసులను పైకి తీసుకెళ్లిపోవడం. దక్షిణాఫ్రికాలో ఒకాయన తనకు దర్శనం కలిగిందని చెప్పిన మాట అది. దేశదేశాలూ తిరిగి వారాసిగూడ సందుల్లోకి వచ్చేసింది. "రేపు పొద్దున్నే కట్టేయమ్మా. కట్టి రసీదు ఫొటో నాకు పంపు" అన్నాను.

ఫోన్ పెట్టేశాక నాకు నిద్ర పట్టలేదు. 1999లో మా అన్నయ్య డిగ్రీ ఫైనలియర్. మా పేటకు సభలు పెట్టడానికి వచ్చిన ఒక ప్రసంగీకుడు 2000 సంవత్సరం రాకముందే ప్రభువు వచ్చేస్తాడని లెక్కలు వేసి చూపించాడు. అన్నయ్య ఫీజు డబ్బు సభల కానుకలో వేసేశాడు. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో తెల్లారేదాకా మోకాళ్ల మీదే ఉన్నాడు. జనవరి 1న ఇంటికొచ్చి ఎవరితోనూ మాట్లాడలేదు. ఆ డిగ్రీ తర్వాత పూర్తి కాలేదు. ఆ ప్రసంగీకుడు మళ్లీ మా పేటకు రాలేదు.

ప్రభువు మళ్లీ వస్తాడని నేను ప్రాణం పెట్టి నమ్ముతాను. అందుకే ఈ విషయంలో తప్పుడు లెక్కలు వింటే బాధ కలుగుతుంది. మా ఇంట్లో గురువారం సాయంత్రం ఏడింటికి కూర్చునే ఎనిమిది, తొమ్మిది మందితో ప్రవచనాలు ఎలా చదువుతామో ఇక్కడ రాస్తున్నాను. నేను వేదాంత కళాశాలలో చదవలేదు. చిక్కడపల్లిలో ఒక ప్రింటింగ్ ప్రెస్‌లో ఇరవై ఆరేళ్లు ప్రూఫ్ రీడర్‌గా పనిచేశాను. మా పద్ధతి అక్కడి నుంచి వచ్చిందే.

ప్రెస్‌లో ప్రూఫ్ ఒక్కరే దిద్దరు. ఒకరు అసలు రాతప్రతి పట్టుకుని పైకి చదువుతారు. ఆ మనిషిని కాపీ హోల్డర్ అంటాం. రెండో మనిషి అచ్చు కాగితం మీద కళ్లు పెట్టి వింటూ, తేడా వచ్చిన చోట ఆపుతారు. ఒక్కరే చదివితే లేని అక్షరం కూడా ఉన్నట్టు కనిపిస్తుంది, ఎందుకంటే అక్కడ ఏముండాలో మనసుకు ముందే తెలుసు. ప్రవచనాల దగ్గర జరిగేదీ అదే. చిన్నప్పటి నుంచి విన్నది కళ్ల ముందు నిలబడి, అసలు రాసింది కనిపించకుండా చేస్తుంది. కాబట్టి ఇద్దరు కూర్చోండి. రెండు బైబిళ్లు కావాలి, పక్కన క్రాస్ రిఫరెన్సులు ఉన్నవైతే మరీ మంచిది. ఒకరి ఒళ్లో పాత నిబంధన, ఇంకొకరి ఒళ్లో క్రొత్త నిబంధన. ఒక నోటు పుస్తకం, ఒక పెన్ను, ఒక పెన్సిలు. పెన్నూ పెన్సిలూ రెండూ ఎందుకో తర్వాత చెప్తాను.

మొదలుపెట్టే ముందు వాగ్దానం కార్డు అలవాటును కాసేపు పక్కన పెట్టాలి. డిసెంబరు 31 రాత్రి బుట్టలోంచి తలా ఒక కార్డు తీసుకుంటాం కదా, అది నాకూ ఇష్టమే. మా ఫ్రిజ్ మీద ఇప్పటికీ నాలుగేళ్ల కార్డులున్నాయి. కానీ కార్డు మీద ఒక్క వచనమే ఉంటుంది, పైదీ కిందదీ ఉండవు. అందరికీ కావాల్సిన కార్డు యిర్మీయా 29:11. మీ విషయంలో నేను ఉద్దేశించినవి సమాధానకరమైనవే గాని హానికరమైనవి కావని దేవుడు చెప్పే మాట. దాని పైనున్న 10వ వచనం ఎప్పుడైనా చదివారా? బబులోనులో డెబ్బై ఏళ్లు గడిచాక మిమ్మల్ని తిరిగి రప్పిస్తానని ఉంది. ఇది యిర్మీయా బబులోను చెరలో ఉన్నవాళ్లకు రాసిన ఉత్తరం. దాన్ని అందుకున్న పెద్దల్లో చాలామంది ఆ డెబ్బై ఏళ్లు పూర్తయ్యేదాకా బతికి ఉండరు. వాగ్దానం నిజమే, కానీ అది వాళ్ల పిల్లల దగ్గరికి నడిచి వెళ్లింది.

ఇంకా పైకి, 28వ అధ్యాయానికి వెళ్లండి. ప్రవచనం చదవడం నేర్చుకోవాలనుకునే ప్రతి ఒక్కరికీ నేను ముందు ఇచ్చేది ఈ అధ్యాయమే. హనన్యా అనే ప్రవక్త దేవాలయంలో, యాజకుల ముందు, ప్రజలందరి ముందు, రెండేళ్లలోగా బబులోను కాడి విరిగిపోతుందని ప్రకటించాడు. గడువు చెప్పాడు, దేవుని పేరు మీద చెప్పాడు. యిర్మీయా ఏమన్నాడో చూడండి: "ఆమేన్." యెహోవా అలాగే చేయాలని అన్నాడు. అలా జరగాలని ఆయన మనసూ కోరుకుంది. కానీ తనకు అందిన మాట అది కాదు. బబులోను ఏలుబడికి గుర్తుగా యిర్మీయా మెడ మీద వేసుకున్న కాడిని హనన్యా తీసి అందరూ చూస్తుండగా విరగ్గొట్టాడు. ఆ మాట చెప్పింది అయిదో నెలలో. ఏడో నెలలో హనన్యా చనిపోయాడు.

ఇప్పుడు 29వ అధ్యాయం మళ్లీ చదివితే 5, 6, 7 వచనాలు వేరే బరువుతో వినిపిస్తాయి. ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి, పెళ్లిళ్లు చేసుకోండి, మీరున్న పట్టణం క్షేమం కోసం ప్రార్థన చేయండి. రెండేళ్లే అని నమ్మినవాడు తోట ఎందుకు నాటుతాడు? పరీక్ష ఫీజు ఎందుకు కడతాడు? 1999లో మా అన్నయ్య చేతికి ఈ రెండు అధ్యాయాలు ఇచ్చేవాళ్లు ఎవరూ లేకపోయారు.

సరే, పనిలోకి వద్దాం. ప్రవచనం ఏదైనా ముందు అది ఎవరితో, ఎప్పుడు, ఏ కష్టంలో చెప్పిన మాటో నోటు పుస్తకంలో రాయండి. యెషయా 7:14 తీసుకుందాం, క్రిస్మస్‌కి ప్రతి చర్చిలో చదివే "కన్యక గర్భవతియై" వచనం. 1వ వచనం నుంచి 16 దాకా ఆగకుండా చదవండి. క్రీస్తుకు 730 ఏళ్లకు పైగా ముందు సంగతి. యూదా రాజు ఆహాజు మీదికి సిరియా రాజు రెజీను, ఇశ్రాయేలు రాజు పెకహు కలిసి వస్తున్నారు. రాజు గుండె, జనం గుండె గాలికి అడవి చెట్లు ఊగినట్టు ఊగాయని ఉంది. ఆ భయంలో ఉన్నవాడికి ఇచ్చిన సూచన ఇది: పుట్టబోయే ఆ పిల్లవాడికి మంచీచెడూ తెలిసే లోపే నువ్వు భయపడుతున్న ఆ ఇద్దరు రాజుల దేశం పాడైపోతుంది. అలాగే క్రీ.పూ. 732లో సిరియా రాజధాని దమస్కు అష్షూరు చేతికి చిక్కింది.

ఇక్కడికి వచ్చేసరికి మా గుంపులో ప్రతిసారీ ఎవరో ఒకరు టెన్షన్ పడతారు. "అంటే ఇది యేసు ప్రభువు గురించి కాదా అక్కా?" అని ఆటో నడిపే తమ్ముడు అడిగాడు. ఆయన గురించే. కానీ ఆహాజుకు ఏమీ చెప్పకుండా, అతని తల మీదుగా ఏడు వందల ఏళ్ల తర్వాతి వాళ్లకు మాత్రమే చెప్పిన మాట కాదది. యెషయా వాడిన హెబ్రీ మాటకు పెళ్లీడు అమ్మాయి, యువతి అని అర్థం. క్రీస్తు పుట్టక ముందే యూదులు లేఖనాలను గ్రీకులోకి తెచ్చుకున్నప్పుడు ఆ చోట కన్య అనే అర్థం వచ్చే మాట పెట్టారు. మత్తయి 1:23లో మనం చదివేది ఆ మాటే. యూదులతో గాని, ప్రశ్నలు అడిగే మన పిల్లలతో గాని మాట్లాడేటప్పుడు ఈ సంగతి దాచకూడదు. దాచిపెట్టి కాపాడాల్సినంత బలహీనంగా మన విశ్వాసం లేదు.

మరి మత్తయి "నెరవేరెను" అని ఎందుకన్నాడు? ఇది అర్థం కావాలంటే హోషేయ 11:1 తెరవండి. ఇశ్రాయేలు పిల్లవాడుగా ఉన్నప్పుడు నేను ప్రేమించి, నా కుమారుణ్ని ఐగుప్తులోంచి పిలిచాను అని ఉంది. ఇది ముందు జరగబోయేది చెప్పడం కాదు, జరిగిపోయినదాన్ని తలచుకోవడం. ఆ తర్వాతి వచనంలోనే ఆ కుమారుడు బయలు దేవతలకు బలులు అర్పించాడని ఉంది, అది ప్రభువుకు వర్తించదు కదా. అయినా మత్తయి 2:15 ఈ వచనమే ఎత్తి నెరవేరిందని అంటుంది. మత్తయి వాడిన గ్రీకు మాటకు నింపడం అని అర్థం. సగం ఉన్న కుండను అంచు దాకా నింపినట్టు. ఇశ్రాయేలు ఐగుప్తులోంచి వచ్చింది, నీళ్లు దాటింది, అరణ్యంలో నలభై ఏళ్లు పడిపోతూ నడిచింది. యేసు ఐగుప్తునుంచి వచ్చి, యొర్దానులో దిగి, అరణ్యంలో నలభై రోజులు పడిపోకుండా నిలిచాడు. పాత కథ ఆయనలో నిండింది. బేత్లెహేము గురించి మీకా 5:2 చెప్పిందాంట్లో ఊరు సూటిగా ఉంది, వచ్చేవాడు ఇశ్రాయేలును ఏలతాడని ఉంది. హోషేయది అలాంటిది కాదు. రెండింటినీ ఒకే గాట కట్టకండి. నోటు పుస్తకంలో ఒకదాని పక్కన "ముందుగా చెప్పింది" అనీ, ఇంకొకదాని పక్కన "నిండింది" అనీ రాసుకోండి. మెస్సీయ ప్రవచనాలు మూడు వందలకు పైగా ఉన్నాయని వేదికల మీద సంఖ్యలు చెప్తుంటారు. సంఖ్యతో నాకు పని లేదు. పది ప్రవచనాలు పైనా కిందా చదివి పట్టుకుంటే చాలు.

ఇప్పుడు కాపీ హోల్డర్ పని. ఒకరు యెషయా 61:1, 2 పైకి చదవండి. రెండోవారు లూకా 4:18, 19 మీద వేలు పెట్టి వినండి. మొదటిసారి మేం ఇలా చేసినప్పుడు మా పక్కింటి వదిన మూడు చోట్ల ఆపింది. "నలిగిన హృదయముగలవారి" మాట లూకాలో లేదు. లూకాలో ఉన్న "నలిగినవారిని విడిపించుటకు" అనే మాట యెషయా 61లో లేదు, వెతికితే యెషయా 58:6లో దొరికింది. మూడోది అన్నిటికన్నా పెద్దది. యెషయాలో "హితవత్సరమును" అన్న తర్వాత "మన దేవుని ప్రతిదండన దినమును" అని ఉంది. నజరేతు సమాజమందిరంలో ప్రభువు హితవత్సరం దాకా చదివి, గ్రంథం చుట్టి, పరిచారకుని చేతికిచ్చి కూర్చున్నాడు. వాక్యం మధ్యలో ఆపేశాడు. అందరి కళ్లూ ఆయన మీదే ఉన్నాయి. అప్పుడన్నాడు, మీ వినికిడిలో ఈ లేఖనం నేడు నెరవేరిందని.

ఇరవై ఆరేళ్లు కామాల దగ్గర, పుల్‌స్టాపుల దగ్గర బతికిన మనిషిని నేను. ఆ ఆగడం చూసిన రోజు నాకు కన్నీళ్లు ఆగలేదు. యెషయా ఒకే ఊపిరిలో చెప్పిన రెండింటి మధ్య ప్రభువు ఒక ఎడం ఉంచాడు. మొదటి రాకడలో హితవత్సరం. తీర్పు దినం కొట్టివేయలేదు, గ్రంథంలోనే ఉంది, కానీ ఆ రోజు చదవలేదు. మనం ఆ ఎడంలో ఉన్నాం. మన బోధకుల్లో కొందరు ఆయన మూసిన చోటు నుంచే గబగబా చదవడం మొదలుపెడతారు, హితవత్సరం మాట మరిచిపోతారు.

యెషయా 53 దగ్గర మాత్రం తొందరపడకుండా ఒక వారమంతా ఉండండి. అపొస్తలుల కార్యములు 8లో ఐతియొపీయ మంత్రి రథంలో కూర్చుని అదే భాగం చదువుతూ ఫిలిప్పును అడిగిన ప్రశ్నను మీరూ అడగండి: ప్రవక్త ఎవరి గురించి చెప్తున్నాడు, తన గురించా, ఇంకొకరి గురించా? ఎంత మంచి ప్రశ్నో చూడండి. ఆ అధ్యాయంలో బాధపడే సేవకుడు ఇశ్రాయేలు జనమేనని యూదుల్లో చాలామంది పండితులు చెప్తారు. యెషయా 49:3లో ఇశ్రాయేలూ, నువ్వే నా సేవకుడివి అన్న మాట ఉంది కాబట్టి వాళ్లకు ఆధారం లేదనకూడదు. అదే 49లో 5, 6 వచనాల్లో ఆ సేవకుడు ఇశ్రాయేలునే తిరిగి తెస్తాడని కూడా ఉంది. రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివాక అది యేసు గురించేనని చెప్పిన ఫిలిప్పు పక్షాన నేను నిలబడతాను. ఇదంతా క్రైస్తవులు తర్వాత రాసి చేర్చారని ఎవరైనా అంటే ఒక్క సంగతి చెప్పండి. 1947లో మృత సముద్రం దగ్గర కుమ్రాను గుహలో దొరికిన యెషయా చుట్ట ఏడు మీటర్లకు పైగా పొడవుంది, 53వ అధ్యాయంతో సహా. అది క్రీస్తు పుట్టడానికి నూరేళ్లకు పైగా ముందు రాసినది.

ప్రకటన గ్రంథం అంటే మా గుంపులో చాలామందికి భయం. దాన్ని ముక్కలు ముక్కలుగా చదవడమే ఆ భయానికి కారణం. 1:3 చూడండి. చదివేవాడు ఒకడు, వినేవాళ్లు పలువురు, వాళ్లంతా ధన్యులు. ఒకరు పైకి చదువుతుంటే సంఘమంతా కూర్చుని వినడానికి రాసిన ఉత్తరం అది. ఇప్పటి టర్కీలో ఉన్న ఏడు ఊళ్ల సంఘాలకు పత్మాసు ద్వీపం నుంచి వెళ్లింది. ఒక ఆదివారం మధ్యాహ్నం వంతులవారీగా చదువుతూ మొత్తం వినండి. మేం రెండు గంటల లోపే పూర్తి చేశాం. వింటుంటే మృగం ఒక్కటే కాదు, గొఱ్ఱెపిల్ల కూడా పదేపదే వినిపిస్తుంది.

గుర్తులకు అర్థం మీ సొంత బుర్రలోంచి తీయకండి, యూట్యూబ్‌లోంచి అసలే తీయకండి. చాలా చోట్ల గ్రంథమే చెప్పేస్తుంది. ఏడు దీపస్తంభాలు ఏడు సంఘాలని 1:20లో ఉంది. దానియేలు 8లో పొట్టేలు మాదీయుల, పారసీకుల రాజులనీ, మేకపోతు గ్రీకుల రాజనీ 20, 21 వచనాల్లో దేవదూతే చెప్పాడు. గ్రంథం చెప్పని చోట మొదట విన్నవాళ్లకు ఏం తోచి ఉంటుందో ఆలోచించండి. ప్రకటన 13:18లో మృగం సంఖ్యగా చెప్పిన 666 విషయమే తీసుకోండి. హెబ్రీలో అక్షరాలే అంకెలు. రోమా చక్రవర్తి నీరో పేరును గ్రీకులో పలికినట్టు "నేరోన్ కైసర్" అని హెబ్రీ అక్షరాల్లో రాసి కూడితే 666 వస్తుంది. కొన్ని ప్రాచీన ప్రతుల్లో 616 అని ఉంది, "నేరోన్"లోని చివరి అక్షరం తీసేస్తే వచ్చేది అదే. ఆధార్ వచ్చినప్పుడు అదే మృగం ముద్ర అన్నారు, టీకా వచ్చినప్పుడూ అన్నారు. మా వీధిలో ఒక పెద్దాయన ఆ మాట నమ్మి చివరి దాకా టీకా వేయించుకోలేదు. ఆ మాట చెప్పినవాళ్లు 13వ అధ్యాయం చివర పుస్తకం మూసేశారు. అధ్యాయాలు, వచనాల అంకెలు యోహాను రాసినవి కావు, వందల ఏళ్ల తర్వాత చేర్చినవి. ఆపకుండా 14:1లోకి చదివితే గొఱ్ఱెపిల్లతో నిలబడ్డవాళ్ల నొసళ్ల మీద కూడా ఆయన పేరు, ఆయన తండ్రి పేరు రాసి ఉన్నాయి. నొసటి మీద ఎవరి పేరు ఉంది, నువ్వు ఎవరి సొత్తు అన్నదే అక్కడి ప్రశ్న.

మత్తయి 24 చదివేటప్పుడు శిష్యులు 3వ వచనంలో అడిగిన ప్రశ్నను విడదీసుకోండి: దేవాలయం ఎప్పుడు కూలుతుంది, నీ రాకడకు సూచనలేమిటి? దేవాలయం క్రీ.శ. 70లో రోమా సేనాని తీతు సైన్యం చేతిలో కూలింది. ఏ వచనం దానికి చెందుతుంది, ఏది ఇంకా ముందుంది అన్న దానిలో మంచి దైవజనులే విడిపోతారు.

ప్రకటన 20లో చెప్పిన క్రీస్తు వెయ్యేండ్ల పాలన దగ్గరా అంతే. ప్రభువు వచ్చాకే వెయ్యేళ్లని కొందరు, సంఘకాలమే ఆ వెయ్యేళ్లని ప్రాచీన సంఘ బోధకుడు అగస్టీను దారిలో కొందరు, సువార్త లోకమంతా గెలిచాక ఆయన వస్తాడని ఇంకొందరు. మా నాన్న గుడ్డ మీద గీయించిన కాలపట్టిక గోడకు వేలాడదీసి చెప్పేవారు, సంఘం ఎత్తబడడం, ఏడేళ్ల శ్రమ, వెయ్యేళ్లు అన్నీ వరసగా. ఏడేళ్ల శ్రమకు ముందే సంఘం రహస్యంగా ఎత్తబడుతుందనే ఆ వరస 1830ల నుంచి జాన్ నెల్సన్ డార్బీ బోధతో ప్రచారంలోకి వచ్చిందని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. నేను ఇప్పటికీ ప్రభువు వచ్చాకే వెయ్యేళ్లని నమ్ముతాను, కానీ దాన్ని పెన్సిలుతో రాసుకుంటాను. ఆయన వచ్చాడు, చనిపోయాడు, లేచాడు, మళ్లీ వస్తాడు, మృతులు లేస్తారు, తీర్పు ఉంది. ఇవి పెన్నుతో. పెన్సిలు రాతల కోసం మా గుంపులో ఎవరూ ఎవరితోనూ మాటలు మానుకోలేదు.

తేదీ చెప్పే వీడియో వస్తే ఎక్కువ వాదించకండి. మార్కు 13:32 చదవమనండి, ఆ దినం కుమారుడు కూడా ఎరగడని ఉంది. అమెరికాలో విలియం మిల్లరు అనుచరులు 1844 అక్టోబరు 22న కొండంత ఆశతో ఎదురుచూశారు. 2011లో హెరాల్డ్ క్యాంపింగ్ మే 21 అన్నాడు, అది దాటితే అక్టోబరు 21 అన్నాడు. ద్వితీయోపదేశకాండము 18:22 ప్రకారం చెప్పింది జరగకపోతే ఆ ప్రవక్తకు భయపడనక్కర్లేదు. రాకడ గురించి కలవరపడుతున్న థెస్సలొనీక సంఘంలో పని మానేసినవాళ్లు ఉంటే, పని చేయనివాడు తిండి కూడా తినకూడదని పౌలు రాశాడు. 1 థెస్సలొనీకయులకు 4:18 రాకడ గురించిన మాటలతో ఒకరినొకరు ఆదరించుకోమంటుంది. అర్ధరాత్రి ఆడపిల్లను వణికించిన మాటలో ఆ ఆదరణ ఉందా అని చూడండి.

వచ్చే గురువారం మేం జెకర్యా 9:9, 10 చదువుతున్నాం. మీరూ ఇంట్లో చేసి చూడండి. 9వ వచనం మట్టల ఆదివారం అందరికీ నోటికొచ్చిన గాడిదపిల్ల మాట. 10వ వచనంలో రథాలుండవు, యుద్ధపు విల్లు ఉండదు, రాజు అన్యజనులకు సమాధానవార్త చెప్తాడు. ఒకరు జెకర్యా పైకి చదవండి, ఇంకొకరు మత్తయి 21:5 మీద వేలు పెట్టి వినండి. మత్తయి ఎక్కడ ఆగాడో అక్కడ గీత గీయండి. 9వ వచనం మధ్యలో కూడా రాజు గురించిన ఒక మాట మత్తయిలో కనిపించదు. అది ఏదో నేను చెప్పను, వేలు ఆగిన చోట మీకే దొరుకుతుంది.